మిద్దె మీద ఎండకు మీటరులో లెక్క



ఏప్రిల్ నెలలో మిట్టమధ్యాహ్నం ప్రొద్దుటూరులో మిద్దె ఎక్కి చూసినవాళ్లకు ఎండ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయలేం. ఆ ఎండలోనే మన అవ్వలు ఒడియాలు పెట్టారు, మిరపకాయలు ఎండబోశారు, మామిడి ముక్కలు ఆరబెట్టారు. ఎండను వాడుకోవడం మన మిద్దెలకు తరతరాలుగా వచ్చిన విద్య. ఇప్పుడు అదే మిద్దె మీద అదే ఎండకు కరెంటు పండుతోంది. ఆ పంటను లెక్కలోకి ఎక్కించడం గురించి, అంటే ఇంటి మీద చిన్న సోలార్ పెట్టుకుని దాన్ని కరెంటు సంస్థ దగ్గర నమోదు చేయించుకోవడం గురించి, ఈరోజు మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

కరెంటు పుట్టే చోట్లు మన జిల్లాకు కొత్త కాదు. యర్రగుంట్ల దాటి ముద్దనూరు దారి పడితే కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. 1994లో 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలై, ఈరోజు 1,650 మెగావాట్ల దాకా పెరిగిన కేంద్రం అది. అక్కడ మండే బొగ్గు మన నేలలో దొరికేది కాదు, రైళ్లలో దూరం నుంచి రావాలి. జమ్మలమడుగు పక్కనే మైలవరం మండలంలో సోలార్ పార్కు వచ్చింది. 2017 ఏప్రిల్‌లో అక్కడ 250 మెగావాట్లకు వేలం జరిగితే యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు ఖరారైంది. అప్పట్లో దేశంలోనే అతి తక్కువ ధరగా అది పత్రికలకెక్కింది. ఇక పులివెందుల సంగతి. అక్కడి నుంచి వెళ్లిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2004 మే 14న ముఖ్యమంత్రి అయ్యి తొలి సంతకం చేసింది వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీదే. బొగ్గు కరెంటు, సోలార్ పార్కు కరెంటు, బోరు మోటారుకు ఉచిత కరెంటు, ఈ మూడూ ఈ జిల్లా చూసింది. వీటన్నిటిలో మనం వాడుకునేవాళ్లమే. ఇంటి మీద సోలార్‌తో మొదటిసారి మనం ఇచ్చేవాళ్లం కూడా అవుతున్నాం.

నేను సైన్స్ మాస్టరుగా పనిచేసి విరమించినవాణ్ని. మా ఇంటి మీద 2 కిలోవాట్లు పెట్టించాలనుకున్నప్పుడు అమ్మడానికి వచ్చిన మనిషి ఒకమాట అన్నాడు. "ముందు పలకలు బిగించేద్దాం సార్, కాగితాలు తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు" అన్నాడు. ఆ మాట నాకూ బాగానే అనిపించింది. సాయంత్రం మా వీధి లైన్‌మన్ ఎదురైతే సంగతి చెప్పాను. అతను సైకిల్ ఆపి నిలబడిపోయాడు.

"సార్, దరఖాస్తు పెట్టకుండా లైన్‌కు మాత్రం కలపొద్దు. కరెంటు ఆపి మేము స్తంభం ఎక్కుతాం. పైన తీగ చచ్చిపోయి ఉందనే నమ్మకంతోనే చెయ్యి పెడతాం. ఏ ఇంట్లో నుంచి ఏం వస్తుందో మాకు తెలియల్ల సార్" అన్నాడు.

ముప్పై ఏళ్లు పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పిన నాకు, ఆ పాఠంలో అతి ముఖ్యమైన వాక్యం ఆ రోజు స్తంభం కింద దొరికింది.

ఆ మాట వెనక ఉన్న శాస్త్రం చెబుతాను. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల ఓల్టుల కరెంటును దించి మన ఇళ్లకు 230 ఓల్టులుగా పంపుతుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్‌లోకి మన ఇంటి వైపు నుంచి కరెంటు ఎదురు వెళితే, దించేది కాస్తా పెంచేది అవుతుంది. ఇంట్లో 230 ఓల్టులు అవతలి తీగ మీద వేల ఓల్టులుగా లేస్తాయి. అందుకే ప్రమాణం ఉన్న సోలార్ ఇన్వర్టర్ ఏదైనా వీధిలో కరెంటు పోయిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. ఇలా ఆగి తీరాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లోనే నిబంధన పెట్టింది. ఆ పరీక్షకు ఐఎస్ 16169 అని భారతీయ ప్రమాణం కూడా ఉంది. మనం నమోదు చేయించుకున్నప్పుడు అధికారులు వచ్చి చూసే మొదటి సంగతి ఇదే. ఇన్వర్టర్ సరైనదేనా, ఎర్తింగ్ సరిగా ఉందా, అవసరమైతే ఆపడానికి స్విచ్ అందుబాటులో ఉందా అని చూస్తారు. ఆ తనిఖీని మనల్ని ఇబ్బంది పెట్టే పనిగా అనుకోకండి. రేపు మన కోసం స్తంభం ఎక్కబోయే మనిషి ప్రాణానికి అది పూచీ.

ఇక్కడే చాలామందికి ఉన్న అపోహ ఒకటి తీర్చాలి. "సోలార్ ఉంది కదా, వీధిలో కరెంటు పోయినా మా ఫ్యాన్ తిరుగుతుంది" అనుకుంటారు. లైన్‌కు కలిపిన మామూలు సోలార్‌తో తిరగదు. ఇన్వర్టర్ ఆగిపోతుంది, ఆగాలి కూడా. కరెంటు పోయినప్పుడూ నడవాలంటే బ్యాటరీతో కలిసి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. దానికి ఖర్చు ఎక్కువ. కొనేముందే ఇది అడిగి తెలుసుకోండి. పెట్టించాక బాధపడకండి.

నమోదు ఎందుకు అనేదానికి రెండో కారణం మన జేబుకు సంబంధించింది. మీ ఇంట్లో ఇప్పుడున్న మీటరు ఒకవైపు లెక్కే తెలిసినది. పగలు ఇంట్లో ఎవరూ లేరు, ఫ్యాన్లు ఆపి ఉన్నాయి, మిద్దె మీద మాత్రం కరెంటు పుడుతోంది అనుకోండి. మిగిలిన కరెంటు వీధిలోకి వెళ్తుంది. ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలా వాటికి కరెంటు వచ్చిందా, వెళ్లిందా అనే తేడా తెలియదు. ఎటు పారినా ముందుకే లెక్కేస్తాయి. అంటే మీరు ఇచ్చిన యూనిట్‌కు కూడా మీకే బిల్లు పడుతుంది! మన చేలో పంట తీసుకెళ్లి పక్కవాడి గాదెలో పోసి, పైగా మనమే కూలి కట్టినట్టు.

నమోదు చేయించుకుంటే పాత మీటరు స్థానంలో నెట్ మీటరు వస్తుంది. అది రెండు లెక్కలు వేరువేరుగా రాస్తుంది. వీధి నుంచి ఇంట్లోకి వచ్చినవి ఎన్ని, ఇంటి నుంచి వీధిలోకి వెళ్లినవి ఎన్ని. వచ్చినదాంట్లో వెళ్లినది తీసేసి మిగిలినదానికే బిల్లు. వాడుకున్నదానికంటే ఎక్కువ ఇస్తే, ఆ మిగులును విద్యుత్ నియంత్రణ మండలి పెట్టిన నియమం ప్రకారం సర్దుబాటు చేస్తారు. మనం ఇచ్చిన కరెంటు ఎక్కడికో వెళ్లదు. చాలాసార్లు పక్కింటి మిక్సీలోనో, ఎదురింటి ఫ్రిజ్‌లోనో ఖర్చయిపోతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మన ప్రాంతంలో 1 కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. 2 కిలోవాట్లకు నెలకు సుమారు 240. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు తీసుకోండి. 2022లో ఖరారైన ఇంటి టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు 1 రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4 రూపాయల 50 పైసలు, 225 దాకా 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఈ ధరల్లో 300 యూనిట్లకు 1,673 రూపాయలు అవుతుంది. సోలార్ 240 యూనిట్లు ఇచ్చాక నికరంగా మిగిలేది 60. వాటికి 147 రూపాయలు. ఫిక్సెడ్ ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వేరే ఉంటాయి, వాటిని ఇందులో కలపలేదు. అయినా నెలకు 1,500 రూపాయలు మిగులు కనిపిస్తోంది. గమనించండి, సోలార్ ముందుగా కోసేది 8 రూపాయల 75 పైసల ఖరీదైన యూనిట్లనే. కాబట్టి ఎక్కువ వాడే ఇంటికి ఎక్కువ లాభం. నెలకు 60, 70 యూనిట్లతో సరిపెట్టుకునే ఇంటికి ఆదా తక్కువ. అలాంటివాళ్లు 1 కిలోవాట్‌తో ఆగడం మేలు.

మూడో కారణం సబ్సిడీ. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. కోటి ఇళ్లకు సోలార్ పెట్టించాలని 75,021 కోట్ల రూపాయలు కేటాయించింది. 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు గానీ అంతకు మించి గానీ 78,000 రూపాయలు సబ్సిడీగా ఇస్తుంది. సబ్సిడీకి లెక్క కట్టినప్పుడు 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 50,000 రూపాయల ధర తీసుకున్నారు. బజారులో వస్తువును బట్టి ధర అంతకంటే పైన ఉండొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పలకల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి బేరమాడేటప్పుడు ఆ మాట గుర్తుపెట్టుకోండి. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టించే కార్యక్రమం ఉంది. బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్ల మీద రాష్ట్రం అదనంగా 20,000 రూపాయలు ఇస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ నమోదు లేనివాడి ఇంటి గడప తొక్కదు.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లవాళ్లకు, మగ్గం షెడ్లున్నవాళ్లకు ఒక మాట. ఈ సబ్సిడీ ఇంటి సర్వీసుకే. అంగడికో షెడ్డుకో వేరే కేటగిరీ సర్వీసు ఉంటే దాని మీద సబ్సిడీ రాదు. నెట్ మీటరు మాత్రం తీసుకోవచ్చు.

సరే, నమోదు ఎలా చేసుకోవాలి? మన జిల్లాకు కరెంటు పంపిణీ చేసేది తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్. దరఖాస్తు పీఎం సూర్యఘర్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో రాష్ట్రం, పంపిణీ సంస్థ ఎంచుకుని కరెంటు బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరు, మన ఫోన్ నంబరు ఇస్తే ఖాతా తెరుచుకుంటుంది. ఆ తర్వాత దరఖాస్తు. ఫోన్‌తో చేసుకోలేనివాళ్లు మీ ఊరి సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ను గానీ, దగ్గరి కరెంటు సెక్షన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరును గానీ కలవండి. నమోదైన విక్రేతల జాబితా ఆ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అందులోని వాళ్ల చేతనే పని చేయించుకోవాలి. పలకలు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవై ఉండాలి, లేకపోతే సబ్సిడీ రాదు. బిగింపు పూర్తయ్యాక వివరాలు ఎక్కించి నెట్ మీటరు అడగాలి. పంపిణీ సంస్థవాళ్లు వచ్చి తనిఖీ చేసి, మీటరు పెట్టి, సోలార్ నడక మొదలైనట్టు నివేదిక ఇస్తారు. అప్పుడు బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తే సబ్సిడీ నేరుగా ఖాతాలో పడుతుంది.

నా దరఖాస్తు ఒక చోట ఆగింది. అది అందరికీ పనికొచ్చే పాఠం. మా ఇంటి సర్వీసు మా నాయన పేరు మీదే ఉండిపోయింది. ఆయన పోయి పద్నాలుగేళ్లు. నెల నెలా బిల్లు కడుతూనే ఉన్నాను, పేరు మార్చాలన్న ఆలోచనే రాలేదు. ఆధార్ నా పేరు, బ్యాంకు ఖాతా నా పేరు, సర్వీసు మాత్రం ఆయన పేరు. మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, అన్నదమ్ముల ఒప్పుదల కాగితం పెట్టి పేరు మార్పించుకున్నాకే బండి కదిలింది. జమ్మలమడుగులో, పులివెందులలో పాత మిద్దెలున్న కుటుంబాల్లో ఇది ఇంటింటి కథ. తాత పేరు మీద సర్వీసు, అందులో మనవళ్ల కాపురం. సోలార్ పెట్టినా పెట్టకపోయినా ముందు ఆ పేరు సరిచేసుకోండి. తండ్రి పేరు బిల్లు మీద ఉంటే మనసుకు బాగుంటుంది, నిజమే. నాకూ ఆ కాగితం మారిన రోజు గొంతు పట్టుకుంది. కానీ ఆయన కట్టిన మిద్దె మీద ఎండ వృథా కాకుండా చూడటమే ఆయనకు నేను చేయగలిగిన పని అనుకున్నాను.

చట్టం మనకు ఇచ్చిన హక్కులు కూడా తెలిసి ఉండాలి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు 2020 చివర వచ్చాయి. సొంతంగా కరెంటు చేసుకుంటూ మిగులు ఇచ్చే ఇంటివాడికి మామూలు వినియోగదారుడి హక్కులన్నీ ఉంటాయని అవి చెబుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం, 10 కిలోవాట్ల దాకా అన్ని వివరాలతో పెట్టిన దరఖాస్తును సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు లెక్క. అందుకు తగ్గట్టు మంజూరు లోడు పెంచాల్సి వస్తే ఆ పని పంపిణీ సంస్థదే. 5 కిలోవాట్ల దాకా అవసరమైన లైన్ల బలోపేతం కూడా సంస్థ తన ఖర్చుతోనే చేయాలి. పలకలు బిగించి వివరాలు ఇచ్చాక మీటరు పెట్టి నడిపించడానికి గడువు 15 రోజులు. ఆలస్యమైతే ముందు మర్యాదగా సెక్షన్ ఆఫీసులో అడగండి, 1912కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే 2003 విద్యుత్ చట్టం కింద ఏర్పడిన వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అర్జీ రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఇంకో జాగ్రత్త. పథకం పేరుతో ఫోన్ చేసి ఓటీపీ అడిగినా, నమోదుకు డబ్బు పంపమన్నా నమ్మకండి. వెబ్‌సైట్‌లో నమోదుకు రుసుము లేదు. అనుమానం ఉంటే 15555కు ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక మన మిద్దెల సంగతి. 1 కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. పలకలు దక్షిణం వైపు చూడాలి, వాలు మన ప్రాంతానికి 15 డిగ్రీల దగ్గర సరిపోతుంది. చెట్టు కొమ్మ నీడో, నీళ్ల ట్యాంకు నీడో ఒక పలక మీద పడినా దానితో కలిపిన మిగతా పలకల దిగుబడి కూడా తగ్గుతుంది. ఒక్కో పెద్ద పలక దాదాపు 28 కిలోల బరువు. కాంక్రీటు కప్పుకు ఇది బరువు కాదు. నాపరాళ్లు పరిచి మట్టి కప్పిన పాత మిద్దెలైతే మాత్రం మేస్త్రీకి చూపించకుండా చేయి వేయకండి. బరువు దూలాల మీద కాక గోడల మీద పడేలా స్టాండు కట్టాలి. కప్పుకు రంధ్రాలు వేస్తే వానకు కారుతుంది.

యర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు దుమ్ము, జమ్మలమడుగు వైపు రేగడి దుమ్ము మీకు తెలిసినవే. దుమ్ము పేరుకుంటే యూనిట్లు పడిపోతాయి. వారం పది రోజులకోసారి పొద్దున్నే, పలకలు చల్లగా ఉన్నప్పుడే కడగండి. మండే పలక మీద చన్నీళ్లు పోస్తే అద్దం పగిలే ప్రమాదం ఉంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్ల మరకలు నిలుస్తాయి. మెత్తని గుడ్డతో వెంటనే తుడవండి. ఎండ ఎక్కువ కదా, మే నెలలో కరెంటు విపరీతంగా వస్తుందనుకోవద్దు. పలకకు వెలుగు కావాలి గానీ వేడి గిట్టదు. 25 డిగ్రీలు దాటి వేడెక్కే ప్రతి డిగ్రీకీ దాని శక్తి కాస్త తగ్గుతుంది. అందుకే పలకల కింద గాలి ఆడేలా ఎత్తు వదలాలి.

ప్రపంచం కూడా ఈ లెక్కనే పట్టించుకుంటోంది. ఆస్ట్రేలియాలో మూడు ఇళ్లలో ఒకటి మీద సోలార్ ఉంది. జర్మనీలో బాల్కనీ కమ్మీకి రెండు పలకలు తగిలించుకున్నా దేశవ్యాప్త రిజిస్టర్‌లో పేరు ఎక్కించాల్సిందే. 2024లో ఆ నమోదును తేలిక చేశారు, ఎత్తేయలేదు. ఎక్కడ ఎంత కరెంటు పుడుతోందో తెలియకపోతే తీగలను, ట్రాన్స్‌ఫార్మర్లను ఎవరూ సరిగా నడపలేరు. చెరువు కింద ఎవరి మడికి ఎంత నీరో తెలిసిన నీరుగట్టి ఉన్నప్పుడే ఆయకట్టు పండినట్టు.

మా ఇంటి మీద నెట్ మీటరు పెట్టిన రోజు అదే లైన్‌మన్ వచ్చాడు. రీడింగు చూసి, మీటరు పెట్టెకు సీలు వేసి, "ఇంక నిశ్చింత సార్" అన్నాడు. ఆ నిశ్చింత నాదీ, అతనిదీ.

శ్రోతలారా, ఈరోజు ఇంటికి వెళ్లగానే ఒక పని చేయండి. కిందటి నెల కరెంటు బిల్లు తీసి దాని మీద ఎవరి పేరుందో చూడండి. పేరు పాతదైతే మార్పించండి. పేరు సరిగ్గా ఉంటే దరఖాస్తు పెట్టండి. ఇప్పటికే పలకలు పెట్టి నమోదు చేయించకుండా లైన్‌కు కలిపినవాళ్లుంటే, రేపు పొద్దున్నే సెక్షన్ ఆఫీసుకు వెళ్లి చెప్పండి. మీ వీధిలో స్తంభం ఎక్కే మనిషికీ ఇంటి దగ్గర ఎదురుచూసే బిడ్డలున్నారు.